పూడిక తీసిన చెరువులో కార్ప్ వేట: ముందు అడుగు చదవాలి, తర్వాతే గాలం

బాగుచేసి తిరిగి తెరిచిన చెరువుకి మొదటిసారి వెళ్లిన రోజు పదకొండు గంటలు కూర్చున్నాను. ఒక్క చేపా పడలేదు. పాత చెరువు నాకు కొట్టిన పిండి, అదే నా కొంప ముంచింది. నీళ్లలోకి ఒరిగిన ఒక ముసలి చెట్టు కింద ఎప్పుడు గాలం వేసినా బంగారుతీగ, అంటే కార్ప్, తగిలేది. ఆ రోజూ అలవాటుగా ఆ మూలకే విసిరాను. చెట్టు లేదు, చెట్టు కింద గుంటా లేదు. యంత్రాలు ఆ మూలంతా ఒకే లోతుకి చెక్కేసి, తీసిన మట్టితో కొత్త గట్టు పోశాయి. నేను మాత్రం ఎప్పుడో మాయమైపోయిన చెరువులో చేపలు పడుతూ కూర్చున్నాను.

సాయంత్రం సామాను సర్దుకుని తిరిగి వస్తుంటే ఒక ఇరుకు వంపులో నీళ్ల మీద సన్నటి బుడగలు వరసగా లేచాయి. కాసేపు నిలబడ్డాను. మళ్లీ లేచాయి, ఈసారి ఒక బారెడు అవతల. ఆ వంపులోకి యంత్రం దిగడానికి దారి లేదు. పాత జమ్ము అలాగే ఉంది, కింద పాత బురదా అలాగే ఉండి ఉండాలి. వారం తర్వాత అక్కడే కూర్చుంటే ఒక పూటలో తొమ్మిది పడ్డాయి. ఆ రెండు రోజుల మధ్య తెలిసొచ్చిన విషయమే ఈ మార్గదర్శికి ఆధారం: బాగుచేసిన చెరువులో మొదటి ఏడాది రెండేళ్లు, యంత్రం తాకని చోటు ఎక్కడుందో కనిపెట్టడమే సగం వేట.

1. చెరువుకి ఏం చేశారో కనుక్కోండి

ఇది ఇంటి దగ్గర మొదలయ్యే పని. పనులకు ముందు, తర్వాత తీసిన ఉపగ్రహ చిత్రాలు దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి. గట్టు ఎక్కడ జరిగింది, కొత్త దిబ్బ ఎక్కడ లేచింది, ఏ వైపు చెట్లు నరికారు, ఏ వైపు వదిలేశారు అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది. నీళ్లు తోడేసి ఎండగట్టినప్పుడు ఎవరైనా తీసిన ఫోటో దొరికితే అంతకన్నా భాగ్యం లేదు. ఎండిన చెరువు ఫోటో ఒక్కటుంటే నీటి అడుగుని చూపే సోనార్ యంత్రం అక్కర్లేదు.

నిర్వాహకులని అడగాల్సినవి మూడు. మట్టి ఎంత లోతు తీశారు? మొత్తం తీశారా, కొంత వదిలారా? చేపలు పాతవేనా, కొత్తగా వదిలారా? మూడో ప్రశ్నకి వచ్చే జవాబు మీ వేట పద్ధతినే మార్చేస్తుంది. కొత్తగా వదిలిన చేపలు చిన్నవిగా, గుంపుగా ఉంటాయి, ఆ నీళ్లు వాటికీ కొత్తే. గట్టు వెంబడి తిరుగుతూ చెరువుని అవి కూడా మనలాగే నేర్చుకుంటూ ఉంటాయి. పాత చేపల్ని వేరేచోట దాచి తిరిగి వదిలితే అవి జాగ్రత్తపరులు. గాలం ఎరిగినవి.

పనిలో పనిగా నియమాలు కూడా అడిగేయండి. ముల్లు లేని గాలమే వాడాలా, ఎన్ని కర్రలకి అనుమతి ఉంది, చేపని తిరిగి వదలాలా, రాత్రి ఉండొచ్చా అన్నవి తెలుసుకోకుండా సామాను సర్దకండి.

2. కర్రలు లేకుండా ఒకసారి తిరిగి రండి

వీలైతే ముందు రోజు సాయంత్రం, లేదంటే వేట రోజే తెల్లవారగానే చెరువు చుట్టూ ఒక రౌండ్ వేయండి. చేతిలో ఏమీ వద్దు. కర్ర చేతిలో ఉన్నవాడు చూడడు, విసురుతాడు. నా సంగతే చెబుతున్నాను.

చూడాల్సిన గుర్తులు ఇవి. కార్ప్ బురదలో మూతి పెట్టి తవ్వేటప్పుడు అడుగున చిక్కుకున్న గాలి సన్నటి బుడగలుగా, నురగ నురగగా పైకొస్తుంది. ఒకేచోట ఆగకుండా లేస్తూ, మెల్లగా జరిగే బుడగలు మేత మేస్తున్న చేపవి. ఒకే బిందువు దగ్గర అరగంటకోసారి లేచేది ఉత్త గాలి. చుట్టూ నీళ్లు తేటగా ఉండి ఒకచోట మాత్రం పాలలో మట్టి కలిపినట్టు మసకేస్తే, కింద ఎవరో భోంచేస్తున్నారన్నమాట. తల, భుజాల దాకా లేచి చప్పుడు లేకుండా మునిగే చేపని నమ్మండి. గాల్లోకి ఎగిరి ధబ్బున పడే చేప గుంపు దగ్గర్లో ఉందని మాత్రం చెబుతుంది. అది పడిన చోటే మేస్తోందని అనుకోనక్కర్లేదు.

గాలి ఎటు వీస్తోందో చూసుకోండి. ఎండాకాలంలో రెండు మూడు రోజులు ఒకే వైపు గాలి కొడితే, పైన వేడెక్కిన నీరు, దాంతోపాటు తేలే మేత ఆ గట్టుకి చేరతాయి. చేపలూ అటే వెళతాయి. చలిగాలి కొత్తగా మొదలైతే మాత్రం గాలికి వీపు పెట్టే గట్టే మేలు.

ఇక్కడ ప్రాణవాయువు లెక్క కూడా చెప్పుకోవాలి, బాగుచేసిన చెరువులో దీని పాత్ర పెద్దది. 10 డిగ్రీల నీటిలో లీటరుకి సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 25 డిగ్రీల నీటిలో 8 చిల్లరే. పగలు నీటి మొక్కలు దాన్ని నింపుతాయి. రాత్రంతా మొక్కలు, చేపలు, బురదలోని సూక్ష్మజీవులు అన్నీ కలిసి దాన్ని ఖర్చు చేస్తాయి, అందుకే తెల్లవారుజామున అది బాగా తగ్గి ఉంటుంది. కొత్త చెరువులో మొక్కలు ఇంకా పెరగలేదు కాబట్టి పగటి ఆదాయమూ తక్కువే, గాలి, అలలే దిక్కు. ఉక్కపోత రాత్రి గడిచాక పొద్దున్నే వెళితే నీళ్లు లోపలికి దూకే తూము దగ్గర, గాలి పంపు తిరిగే చోట, అలలు కొట్టే గట్టున వెతకండి. లోతు మడుగులో కాదు.

నడుస్తూ నడుస్తూ కాళ్ల కిందా చూసుకోండి. కొత్తగా పోసిన గట్టు ఎండినట్టే కనిపిస్తుంది, అంచున కాలు పెడితే జారిపోతుంది. బంకమన్ను వాలు తడిస్తే సబ్బు బిళ్లే. తల పైకెత్తి కరెంటు తీగలు ఉన్నాయేమో కూడా చూడండి. కార్బన్ కర్ర గుండా విద్యుత్తు పారుతుంది. తీగల కింద కర్ర నిలబెట్టి నడవడం, తీగల దగ్గర విసరడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. కూర్చునే చోటు ఎంత బాగున్నా తీగలుంటే వదిలేయండి.

3. అడుగు చదవండి

ఈ పని మీద గంటన్నర పెట్టండి. చాలామంది పది నిమిషాలు పెడతారు.

కావాల్సింది ఒక కర్ర, సాగని అల్లిక లైను, 80 గ్రాముల వట్టి సీసం. గాలం వద్దు. నైలాన్ లైను సాగుతుంది కాబట్టి అడుగున జరిగేది చేతికి సగమే చేరుతుంది, అల్లిక లైనైతే ఇసుక రేణువు తగిలినా తెలుస్తుంది. విసిరాక సీసం నీళ్లలో పడే క్షణానికి లైను ఆపి, కర్ర కొంచెం పైకెత్తి బిగువుగా పట్టుకోండి. సీసం మునిగి అడుగుకి తగిలినప్పుడు కర్రలోకి ఒక చప్పుడు లాంటిది వస్తుంది. గట్టి నేలైతే 'ఠక్' మని మణికట్టుకి తగులుతుంది. మెత్తటి బురదైతే దిండు మీద పడ్డట్టు ఉంటుంది. ఏమీ తెలియకుండా లైను వదులైతే కింద నాచు ఉంది, లేదా లోతైన పూడిక.

తర్వాత కర్రని పక్కకి నెమ్మదిగా లాగుతూ సీసాన్ని అడుగున ఈడ్చండి. రీలు తిప్పి లాగొద్దు, కర్రతోనే లాగాలి. జరిగిన మేరకే లైను చుట్టుకోండి.

గులకరాళ్ల మీద సీసం టకటకమని కొట్టుకుంటూ వస్తుంది. బురదలో మొదట కూరుకుని, బరువుగా కదిలి, ఆపై వెన్నలో కత్తిలా సాగుతుంది. నాచులో అయితే లాగేకొద్దీ బరువెక్కి, తెగిన క్షణం ఎగిరినట్టు వదిలేస్తుంది. బంకమన్ను కొంచెం మోసం చేస్తుంది. మొదట పట్టేసి, తర్వాత గాజు పలక మీద జారినట్టు నున్నగా వచ్చేస్తుంది. నున్నగా ఉంది కదా, చేపకి అనువైన శుభ్రమైన చోటు అనుకుంటాం. సీసం బయటికి తీసి చూడండి. దానికి పసుపు పచ్చగానో బూడిద రంగుగానో కొత్త మట్టి అంటుకుని, వాసన లేకుండా ఉంటే అది యంత్రం చెక్కిన నేల. అక్కడ తినడానికేమీ లేదు. నల్లగా, కుళ్లిన ఆకుల వాసనతో వస్తే పాత బురద. నల్లటి మట్టి ముక్కులోకి కొట్టే వాసన వేస్తే మాత్రం అక్కడ గాలాడటం లేదు, కొంచెం పక్కకి జరగండి.

నేను మరీ దగ్గరగా చూసేది సీసం మీద అంటుకున్న మట్టినే. ఆ రోజు వంపులో నాలుగో విసురుకి వచ్చిన సీసం మీద నల్లటి బురద సన్నగా పూసినట్టుంది. అందులో దారప్పోగు అంత ఎర్ర పురుగు ఒకటి మెలికలు తిరుగుతోంది. కుట్టని దోమజాతి కీటకాల పిల్లలు అవి. ఒంటి నిండా హిమోగ్లోబిన్ అనే రక్తవర్ణకం ఉండటం వల్ల గాలాడని బురదలోనూ బతుకుతాయి. తల్లి కీటకాలు ఎగరగలవు కాబట్టి కొత్త చెరువుకి అందరికన్నా ముందు చేరే మేత ఇదే. నత్తలు, గుల్లలు తర్వాత ఎప్పటికో. కార్ప్ వీటి కోసమే బురద నోటినిండా తీసుకుని, మొప్పల గుండా వడకట్టి, పురుగుని ఉంచుకుని మట్టిని ఉమ్మేస్తుంది. సీసం మీద ఆ పురుగు కనిపిస్తే ఇంక వెతకొద్దు, అక్కడే కర్ర నాటండి.

ఒక్కోసారి చెక్కిన నేల మీద కూడా సీసం సమాన దూరాల్లో చిన్నగా ఎగిరెగిరి వస్తుంది. యంత్రపు దంతాలు గీసిన చాళ్లు అవి. ఆ చాళ్లలో కాలక్రమేణా ఆకులు, మెత్తటి మట్టి పేరుకుంటాయి. రెండో ఏడాదికి పనికొచ్చే చోటు, రాసిపెట్టుకోండి.

లోతు కూడా కావాలి. సీసం దగ్గర స్వేచ్ఛగా జారే పెద్ద బెండు వేసి, విసిరి, బిగించి బెండుని సీసం దాకా లాగి, ఆ తర్వాత 30 సెంటీమీటర్ల చొప్పున లైను వదలండి. ఎనిమిది సార్లు వదిలాక బెండు పైకి తేలితే లోతు సుమారు 2.4 మీటర్లు. ఇలా మీ చోటు ముందు ఐదారు గీతలు కొలిస్తే వాలు ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది తెలుస్తుంది. బాగుచేసిన చెరువుల్లో గట్టు దగ్గర నిటారుగా దిగిపోయి, అడుగు పళ్లెంలా చదునుగా ఉండటం మామూలే. అలాంటప్పుడు వాలు పాదం దగ్గర, అంటే నిటారు ఆగి చదును మొదలయ్యే గీత వెంబడి ఒక కర్ర తప్పకుండా వేయండి. గట్టు నుంచి రాలిపడేదంతా అక్కడికే జారుతుంది, తిరిగే చేపలు ఆ గీతనే దారిగా పట్టుకుంటాయి.

పాత వాగు దారి, వదిలేసిన జమ్ము అంచు, కొత్త దిబ్బ వాలు, తవ్వకం ఆగిపోయి పాత నేల మిగిలిన మెట్టు. ఈ నాలుగింట్లో ఏ రెండు కలిసినా అది మీ చోటు.

దూరానికి మోజు పడకండి. 1952లో ఇంగ్లండులో రిచర్డ్ వాకర్ పట్టిన 44 పౌండ్ల కార్ప్, అంటే దాదాపు 20 కిలోలది, రెడ్‌మైర్ అనే మూడెకరాల మడుగులోది. అప్పటికి అది ఆ దేశపు రికార్డు. పెద్ద చేపకి పెద్ద దూరం అక్కర్లేదు.

4. సామాను

దీని మీద పేజీలు రాయొచ్చు, నేను రాయను. 12 అడుగుల కర్ర, 2.75 పౌండ్ల టెస్ట్ కర్వ్ చాలు. కర్ర కొనని 90 డిగ్రీలకి వంచడానికి ఎంత బరువు కావాలో చెప్పే లెక్క అది. 70, 80 గ్రాముల సీసం దీనితో హాయిగా వెళుతుంది. చేప లాగినప్పుడు లైను వదిలే రీలు, 12 నుంచి 15 పౌండ్ల నైలాన్ లైను. కొత్త చెరువుల్లో గట్టు రాళ్లు, రాళ్లు నింపిన తీగ బుట్టలు లైనుని కోసేస్తాయి కాబట్టి 10 పౌండ్ల జోలికి పోవద్దు. నోరు మీటరు వెడల్పున్న చేతి వల, మెత్తటి పరుపు, గాలం తీసే పటకారు, లైను కత్తిరించేది. వల, పరుపు లేకపోతే బయల్దేరొద్దు.

5. గాలం కట్టే పద్ధతి

కార్ప్ ఎరని నోటితో పీల్చి, అనుమానం వస్తే అదే ఊపున ఉమ్మేస్తుంది. దానికి పళ్లు పెదవుల దగ్గర ఉండవు, గొంతులో ఉంటాయి. అందుకే పీల్చడం, ఉమ్మడం రెండూ మనకి తెలియకుండానే అయిపోతాయి. 1980 ప్రాంతంలో లెనీ మిడిల్‌టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు ఈ సంగతిని గమనించి, ఎరని గాలానికి గుచ్చకుండా గాలం వెనక ఒక వెంట్రుకకి వేలాడదీశారు. మొదట కట్టింది నిజంగా వెంట్రుకే, అందుకే హెయిర్ రిగ్ అని పేరు. ఎరకి అడ్డం లేదు కాబట్టి చేప ధైర్యంగా పీలుస్తుంది, ఉమ్మేటప్పుడు ఖాళీగా ఉన్న గాలం మొన కింది పెదవికి గుచ్చుకుంటుంది.

కట్టడం ఇలా. మెత్తటి అల్లిక దారం 30 సెంటీమీటర్లు కత్తిరించి ఒక కొసకి చిన్న ఉచ్చు వేయండి. ఎర సూదితో ఎరని ఆ ఉచ్చు మీదికి ఎక్కించి, జారకుండా చిన్న పుల్ల పెట్టండి. దారం రెండో కొసని గాలం కన్నంలోకి వెనక వైపు నుంచి, అంటే మొన లేని వైపు నుంచి దూర్చండి. గాలం వంపుకీ ఎరకీ మధ్య అర సెంటీమీటరు ఖాళీ ఉండేలా సర్దుకుని, దారాన్ని గాలం కాడ చుట్టూ ఏడెనిమిది చుట్లు దగ్గరగా తిప్పండి. చివరి కొసని మళ్లీ అదే వెనక వైపు నుంచి కన్నంలోకి దూర్చి, తడిపి, లాగండి. ముందు వైపు నుంచి దూర్చారా, గాలం తిరగాల్సిన వైపు తిరగదు. మొదట్లో నేను ఒక కాలమంతా ఇలాగే తప్పుగా కట్టాను.

రెండు మూడు కిలోల కొత్త చేపలకి 8వ నంబరు గాలం, పెద్దవి ఉన్నాయని తెలిస్తే 6. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, తికమక పడకండి. మొన బొటనవేలి గోరు మీద పెట్టి లాగితే జారకుండా పట్టుకోవాలి. జారితే పారేయండి.

గట్టి నేల మీద గాలం దారం 15 సెంటీమీటర్లు, 80 గ్రాముల సీసం. బరువు కదలకుండా ఉంటుంది కాబట్టి చేప తల తిప్పగానే గాలం దిగుతుంది. బురదలో దీన్ని తిరగేయాలి. సీసం 50, 60 గ్రాములకి దించి, దారం 25 దాకా పెంచండి. లేకపోతే సీసం ఎరని తనతోపాటు ముంచేస్తుంది. పాత బురదే మన చోటు కాబట్టి ఈ రెండో కూర్పే మీకు ఎక్కువగా పనికొస్తుంది. ఎర బరువుని గాలం బరువుతో సమతూకం చేసే తేలిక ఎరలు బురద మీద మెత్తగా కూర్చుంటాయి, వాటిని ముందు ప్రయత్నించండి.

సీసం సేఫ్టీ క్లిప్ మీద ఉండి తీరాలి. లైను తెగినా సీసం ఊడిపోయి చేప స్వేచ్ఛగా తిరగాలి. సీసం ఈడ్చుకుంటూ తిరిగి చచ్చిన చేపని చూశాక ఈ విషయంలో ఎవరి మాటా వినను.

6. ఎర, మేత

కొత్తగా వదిలిన చేపలు పెంపకపు చెరువుల నుంచి వచ్చి ఉంటే, గుళికల మేత తిని పెరిగినవే. ఆ వాసన వాటికి ఇంటి వాసన. 4, 6 మిల్లీమీటర్ల పెల్లెట్లు మేతగా చల్లి, గాలానికి 12 మిల్లీమీటర్ల బాయిలీ గానీ రెండు మొక్కజొన్న గింజలు గానీ పెట్టండి. బాయిలీ అంటే పిండి, గుడ్డు కలిపి ఉడికించిన గట్టి ఉండ. చిన్న చేపలు కొరికి ఖాళీ చేయలేవు. మొక్కజొన్నని కనిపించిన ప్రతి చేపా తింటుంది, చిన్నవాటి గోల ఎక్కువైతే మానేయండి.

తవ్విన చెరువు నీరు నెలల తరబడి మట్టి రంగులో ఉంటుంది. బంకమన్ను రేణువులు అంత సన్నవి, తొందరగా కిందికి దిగవు. అలాంటి నీళ్లలో కార్ప్ కళ్లకన్నా మూతి పక్కనున్న రెండు జతల మీసాలని నమ్ముతుంది. కాబట్టి ఎర రంగు గురించి బుర్ర పాడుచేసుకోకండి. వాసన, కరిగే గుణం చూడండి. ఎరని చెరువు నీళ్లలో ముందే నానబెట్టి మెత్తబరిస్తే వాసన త్వరగా పాకుతుంది.

గింజలు, పప్పులు ఏవైనా వాడితే పచ్చివి వద్దు. టైగర్ నట్ లాంటివి 24 గంటలు నానబెట్టి, అరగంట ఉడికించాలి. పచ్చి గింజ చేప కడుపులో ఉబ్బి దాన్ని చంపుతుంది.

మేత విషయంలో చేసే పెద్ద తప్పు ఎక్కువ చల్లడం. కొత్త చెరువులో మేత లేదు, చేప ఆకలితో ఉంటుంది, కాబట్టి బకెట్టు పొయ్యాలి అనుకుంటారు. చేపలు ఎన్నున్నాయో, ఎక్కడున్నాయో తెలియకుండా బకెట్టు పోస్తే అది అడుగున కుళ్లి ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ లాగేస్తుంది. కర్రకి రెండు గుప్పెళ్లతో మొదలుపెట్టండి. చేప పడ్డాక మరో గుప్పెడు. నీళ్లు 10 డిగ్రీల కిందికి పోతే గుప్పెడు కూడా ఎక్కువే, గాలం చుట్టూ పది గింజలు చాలు. 15 నుంచి 25 డిగ్రీల మధ్య కార్ప్ ఆబగా తింటుంది, అప్పుడు చేతికి కాస్త స్వేచ్ఛ ఇవ్వొచ్చు.

దగ్గర చోటుకి చేత్తో విసరండి. దూరమైతే నీళ్లలో కరిగే పీవీఏ సంచిలో మేత కట్టి గాలానికే తగిలించండి. సంచిలో తడి మేత వేస్తే విసరకముందే చేతిలో కరుగుతుంది, పొడిదే వేయాలి.

7. ప్రతిసారీ అదే చోట పడాలి

వెతికి పట్టిన చోటు ఒక మంచమంత వెడల్పే ఉండొచ్చు. రెండు మీటర్లు తప్పితే మళ్లీ వట్టి బంకమన్నే. అందుకని కొలత కావాలి. గట్టు మీద రెండు పుల్లలు 12 అడుగుల ఎడంతో, అంటే 3.66 మీటర్లతో నాటండి. చోటు దొరికిన లైనుని రీలు క్లిప్పులో బిగించి, పుల్లల చుట్టూ తిప్పుతూ ఎన్ని చుట్లో లెక్కపెట్టండి. 12 చుట్లు వస్తే 44 మీటర్లు. అవతలి గట్టున ఒక చెట్టునో స్తంభాన్నో గురిగా పెట్టుకోండి. గురి, చుట్లు రెండూ రాసుకుంటే చీకట్లో కూడా అక్కడే పడుతుంది. చేప తగిలాక మాత్రం లైను క్లిప్పులో ఉండకూడదు, విసిరాక తీసేయడం మరవకండి.

సీసం నీటిని తాకే ముందు కర్రని వెనక్కి తెచ్చి విసురుని మెత్తబరచండి. దిగేటప్పుడు చెయ్యి వినాలి. 'ఠక్' రావాల్సిన చోట మెత్తగా వచ్చిందంటే చోటు తప్పింది. మళ్లీ వేయడానికి బద్ధకించొద్దు. అయిదారుసార్లు విసిరి నీళ్లు కలచడం కన్నా తప్పు చోట మూడు గంటలు కూర్చోవడమే నష్టం.

రెండు కర్రలుంటే ఒకటి పాత బురద మీద, రెండోది వాలు పాదం దగ్గర. రెండూ ఒకేచోట వేస్తే రెండో కర్ర ఉండీ దండగ.

8. ఎదురుచూసే పద్ధతి

లైను కదిలితే కూసే అలారం ఒక్క కూత కూసి ఆగితే తొందరపడొద్దు. చేప ఒళ్లు లైనుకి రాసుకుంది. అలా పదే పదే జరిగితే చేపలు మీ ఎరకీ మీకూ మధ్యలో ఉన్నాయని అర్థం, రెండో కర్రని దగ్గరికి వేయండి. లైనుకి వేలాడే బాబిన్ కిందికి పడితే చేప మీ వైపు వస్తోంది, అదీ లాగుడే. రీలు ఆగకుండా గిర్రున తిరిగితే ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండు గంటలు ఏ చప్పుడూ లేకపోతే ఎర మార్చకండి, చోటు మార్చండి. గంటకోసారి లేచి గట్టు వెంట నడవండి. తొమ్మిది చేపలు పడ్డ రోజు కూడా, మొదటి నాలుగు ఒకచోట, మధ్యాహ్నం గాలి తిరిగాక మిగతా ఐదు ఇరవై అడుగుల అవతల జమ్ము నీడలో పడ్డాయి. కదలకుండా కూర్చుని ఉంటే నాలుగుతో ఇంటికెళ్లేవాణ్ణి.

ఎండ నడినెత్తిన ఉండి చేపలు పైన తేలుతూ కనిపిస్తే సీసం తీసేయండి. రొట్టె పెచ్చుని నీటిమీద తేలేలా వేసి, చేప నోరు మూసి తిరిగాక లాగండి. ముందే లాగితే నోట్లోంచి ఊడొస్తుంది. ఇందులో చేతి వణుకే అసలు శత్రువు.

9. పడ్డాక

రీలు ఎంత బిగువుకి లైను వదలాలో నిర్ణయించే క్లచ్ ముందే సరిచూసుకోండి. చేత్తో గట్టిగా లాగితే లైను సాగకముందే రీలు వదలాలి. మొదటి పరుగుని ఆపాలని చూడొద్దు, వెళ్లనివ్వండి, కర్ర వంపుతో అలసిపోనివ్వండి. కొత్త చెరువులో నాచు చిక్కులు తక్కువ, గట్టు రాళ్లే ప్రమాదం. చేప రాళ్ల వైపు మళ్లితే కర్రని నీటికి సమాంతరంగా, ఎదురు పక్కకి వంచి తల తిప్పండి. వలని ముందే నీళ్లలో ముంచి పెట్టి, చేపని వల మీదికి తీసుకురావాలి. వలతో చేప వెంట పడితే చివరి నిమిషంలో పోతుంది.

పరుపు తడపండి, చేతులు తడపండి. పొడి చేతులు చేప ఒంటి జిగురుని ఊడదీస్తాయి, ఆ జిగురే దానికి రోగాల నుంచి కాపుదల. గాలం తీసి, ఫోటో కావాలంటే మోకాళ్ల మీద కూర్చుని పరుపుకి జానెడు ఎత్తులోనే పట్టుకోండి. నిలబడి పట్టుకున్న చేప గింజుకుంటే నేరుగా నేల మీదికే. వదిలేటప్పుడు నీళ్లలో నిటారుగా పట్టుకుని, తోక తనంతట తను కొట్టేదాకా ఆగండి. వేసవిలో ఈ పనంతా ఇంకా త్వరగా అవ్వాలి, నీళ్లలో ఊపిరే తక్కువ మరి.

ఇంటికొచ్చాక వల, పరుపు, బరువు తూచే సంచి పూర్తిగా ఎండలో ఆరేయండి. కార్ప్‌ని చంపే కోయి హెర్పిస్ వైరస్ లాంటి రోగాలు తడి వలల మీదుగా కూడా ఒక చెరువు నుంచి మరోదానికి ప్రయాణిస్తాయి. అప్పుడే చేపలు వదిలిన చెరువులో అలాంటిది దిగితే మళ్లీ నీళ్లు తోడి ఎండగట్టాల్సి రావచ్చు. వల ఆరే లోపు పుస్తకం తీసి, సీసం మీద ఎక్కడ ఏ రంగు మట్టి వచ్చిందో గుర్తున్నప్పుడే గీసి పెట్టుకోండి. నా పుస్తకంలో ఆ వంపు పేజీ మీద ఇప్పటికీ బొటనవేలంత నల్లటి మరక ఉంది.